కొండ ఒకటే, దారులు వేరు: ట్రెక్కింగ్ సమాచారంలో తేడా ఎక్కడ వస్తోంది?

క్లుప్తంగా: బెంగళూరు చుట్టూ ఉన్న కొండల గురించి తెలుగులో వస్తున్న పోస్టులు, వీడియోలు, వార్తలు ఎక్కువగా రెండే విషయాలు చెబుతున్నాయి. ఒకటి సముద్రమట్టం నుంచి ఎత్తు, రెండోది "ఈజీ" లేదా "టఫ్" అనే ఒక్క మాట. ఎక్కాల్సిన నిలువెత్తు ఎంత, కాలి కింద ఏముంటుంది, కష్టమైన చోటు ఎక్కడ వస్తుంది, తిరిగి ఎటు దిగాలి అన్నవి దారిని బట్టి మారిపోతాయి. వాటిని ఎలా చెబితే సరిగ్గా అర్థమవుతుందో, చెప్పకపోతే ఏమవుతుందో ఈ వ్యాసంలో చూడవచ్చు.

శనివారం తెల్లవారకముందే మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు నుంచి బైకులు, కార్లు నంది కొండ దారి పడతాయి. వాటిలో తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. ఉద్యోగాలకు వచ్చినవాళ్లు, చదువుకుంటున్నవాళ్లు, తరాలుగా ఈ నగరంలోనే ఉన్నవాళ్లు. ఉత్తరంగా చిక్కబళ్లాపూర్ దాటి గుడిబండ, బాగేపల్లి వైపు వెళ్తే పల్లెల్లో దారి అడగడానికి కూడా తెలుగే సరిపోతుంది. ఏ కొండకు వెళ్లాలన్నది మాత్రం ముందురోజు రాత్రి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనో, ఒక రీల్ చూశాకో తేలిపోతుంది. ఆ రీల్‌లో విన్న మూడు నాలుగు వాక్యాలే చాలామంది చేతిలో ఉండే మొత్తం సమాచారం.

మాగడి దగ్గరి సావనదుర్గ కొండ గురించి మామూలుగా కనిపించే వర్ణన ఈ ధోరణిలో ఉంటుంది: ఆసియాలోనే అతి పెద్ద ఏకశిల, ఎత్తు 1226 మీటర్లు, బిగినర్స్‌కి ఈజీ, రెండు గంటల్లో అయిపోతుంది. ఇందులో ఎత్తు సరైనదే. "అతి పెద్ద ఏకశిల" అన్నది ఏకశిలను ఎలా కొలుస్తారన్న దాని మీద ఆధారపడిన మాట కాబట్టి "అతి పెద్ద వాటిలో ఒకటి" అంటే సరిపోతుంది. మిగతా రెండు మాటలు మాత్రం "ఏ దారిలో, ఏ కాలంలో, ఎవరికి" అని అడగగానే నిలబడవు.

ఎత్తు అంటే ఏ ఎత్తు?

బెంగళూరు నగరమే సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. నంది కొండ 1478 మీటర్లు. అంటే నగరం కంటే అది దాదాపు 560 మీటర్లే ఎత్తు. సావనదుర్గ పాదం దగ్గర నేల దాదాపు 800 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి అక్కడ ఎక్కాల్సింది సుమారు 400 మీటర్లు. తిరుమల ఆలయం దాదాపు 850 మీటర్ల ఎత్తులోనే ఉన్నా, కింద తిరుపతి 160 మీటర్ల దగ్గర ఉండటంతో నడిచి వెళ్లే భక్తులు దాదాపు 700 మీటర్లు ఎక్కుతారు. కాలినడకన తిరుమల వెళ్లొచ్చిన ఒక పెద్దావిడ సముద్రమట్టం అంకెలు చూసి నంది కొండకు భయపడాల్సిన పని లేదు. నంది కొండ అంకె పెద్దది, ఎక్కడం తక్కువ.

కర్ణాటకలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపించే జంట ముల్లయనగిరి, కుమార పర్వతం. రాష్ట్రంలో ఎత్తైన శిఖరం ముల్లయనగిరి, దాదాపు 1930 మీటర్లు. అయినా చిక్కమగళూరు నుంచి రోడ్డు శిఖరం దగ్గరి దాకా వెళ్తుంది, చివర్లో కొన్ని వందల మెట్లు ఎక్కితే చాలు. కుమార పర్వతం 1712 మీటర్లే. కానీ కుక్కే సుబ్రహ్మణ్య వైపు నుంచి బయలుదేరితే నిలువునా 1500 మీటర్లకు పైగా ఎక్కాలి. పైగా శేష పర్వతం చేరాక కొంత దిగి, అడవిలోంచి నడిచి, మళ్లీ ఎక్కాలి. దిగినదంతా తిరిగి ఎక్కాల్సిందే కాబట్టి మొత్తం ఎక్కుడు, శిఖరం ఎత్తులోంచి పాదం ఎత్తు తీసేస్తే వచ్చే అంకె కంటే ఎక్కువవుతుంది. రెండు శిఖరాల ఎత్తులు మాత్రమే పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు ఏది తేలికో పూర్తిగా తలకిందులుగా అర్థమవుతుంది.

అందుకే రాసేవాళ్లు మూడు అంకెలు విడివిడిగా ఇవ్వాలి: శిఖరం ఎత్తు, నడక మొదలయ్యే చోటి ఎత్తు, మధ్యలో ఎక్కుడు దిగుళ్లు కలుపుకొని మొత్తం ఎక్కాల్సింది. భారత సర్వే సంస్థ ముద్రించే 1:50,000 స్కేలు పటాల్లో ప్రతి 20 మీటర్లకు ఒక సమోన్నత రేఖ, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత, ఉంటుంది. పాదం నుంచి శిఖరం దాకా దారి పైకి ఎక్కుతూ ఎన్ని రేఖలు దాటుతుందో లెక్కపెట్టి ఇరవైతో గుణిస్తే ఈ అంకె దగ్గరగా వచ్చేస్తుంది. రేఖలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నట్టు ఉన్న చోట దారి నిటారు, ఎడంగా ఉన్న చోట చదును.

ఫోన్ వేరే అంకె ఎందుకు చూపిస్తుంది?

నంది కొండ మీద నిలబడి ఫోన్‌లో ఎత్తు చూసుకున్నవాళ్లు కొందరికి 1390 దగ్గర కనిపిస్తుంది. అక్కడి బోర్డు తప్పని పోస్టులు పెట్టేవాళ్లూ ఉంటారు. బోర్డు తప్పూ లేదు, ఫోన్ పాడైపోనూ లేదు. జీపీఎస్ ఉపగ్రహాల లెక్క భూమిని ఒక నునుపైన గణిత ఆకారంగా తీసుకుని, దాని మీద నుంచి ఎత్తు చెబుతుంది. నిజమైన సముద్రమట్టం భూమి గురుత్వాకర్షణను బట్టి ఎత్తుపల్లాలుగా ఉంటుంది. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఈ పల్లం ప్రపంచంలోనే అత్యంత లోతైనది, వంద మీటర్లకు పైనే. దాని ప్రభావం దక్షిణ భారతమంతా పరచుకుని ఉంది. బెంగళూరు ప్రాంతంలో సముద్రమట్టం ఆ గణిత ఆకారానికి 80 మీటర్లకు పైగా కిందే ఉంటుంది. కాబట్టి సవరణ చేయని ఫోన్ అంకె అసలు ఎత్తు కంటే అంత తక్కువ చూపిస్తుంది. కొన్ని యాప్‌లు ఈ సవరణ చేసి చూపిస్తాయి, కొన్ని చేయవు. ఒకే కొండకు రెండు వీడియోల్లో రెండు ఎత్తులు రావడానికి ఇది ఒక పెద్ద కారణం.

పాత సర్వేలు, కొత్త కొలతలు కలిసిపోవడం ఇంకో కారణం. తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరం ఏదంటే ఒకచోట అరమ కొండ, 1680 మీటర్లు అని, మరోచోట జిందగడ, 1690 మీటర్లు అని కనిపిస్తుంది. రెండూ అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. ఎవరెస్ట్ అంకె కూడా స్థిరంగా ఏమీ లేదు. 1856లో ప్రకటించినప్పుడు 29,002 అడుగులు. 1950లలో భారత సర్వే లెక్కతో 8848 మీటర్లయింది. 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి 8848.86 అని ప్రకటించాయి. ఎత్తు రాసేటప్పుడు అది ఏ కొలతో, ఏ సంవత్సరానిదో ఒక్క ముక్క చేరిస్తే ఇలాంటి గొడవలు చాలావరకు పోతాయి.

తిరుమల దారిని చెప్పే పద్ధతి

ఒకే కొండకు రెండు దారులుంటే అనుభవం ఎంత మారుతుందో తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి రెండు కిలోమీటర్ల పైచిలుకు, 2388 మెట్లు. చేరేది ఒకే చోటికి. దూరం తక్కువ ఉన్న దారిలో విరామం తక్కువ, మెట్ల మీద మెట్లు. దూరం ఎక్కువ ఉన్న దారిలో మధ్య మధ్య ఊపిరి తీసుకోవడానికి చదును దొరుకుతుంది.

అలిపిరి గురించి పెద్దవాళ్లు చెప్పే తీరు గమనించదగింది. గాలిగోపురం దాకా నిటారు, అక్కడి నుంచి చాలాదూరం దాదాపు చదును, మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ నిటారు. వాళ్లెవరూ "మోడరేట్" అనరు. దారిని ముక్కలు చేసి, ప్రతి ముక్క స్వభావం చెప్పి, ఆ ముక్క ఎక్కడ ముగుస్తుందో గుర్తు పట్టగలిగే ఒక కట్టడం పేరో చోటు పేరో చెబుతారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కడ ఆగాలో, చిన్నపిల్లలను ఎక్కడ ఎత్తుకోవాలో అందులోంచి తెలిసిపోతుంది. ప్రపంచంలో మంచి పర్వతారోహణ గైడ్ పుస్తకాలన్నీ చేసేది సరిగ్గా ఇదే. బెంగళూరు కొండల గురించి రాస్తున్న తెలుగువాళ్లు ఈ అలవాటును వదిలేసి ఒక్క ఇంగ్లిష్ మాటతో సరిపెట్టడం బాధాకరం.

సావనదుర్గకు ఇదే పద్ధతి వాడితే బొమ్మ మారిపోతుంది. మాగడి తాలూకాలోని ఈ కొండ నిజానికి రెండు శిఖరాలు, కరిగుడ్డ, బిళిగుడ్డ. మధ్యలో లోతైన చీలిక. 1791 డిసెంబరులో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ సేనలు టిప్పు సుల్తాన్ అధీనంలోని ఈ కోటను ముట్టడించినప్పుడు కూడా ఈ రెండు శిఖరాలు, మధ్య చీలికే యుద్ధ వివరాల్లో ప్రధానంగా కనిపిస్తాయి. ఇప్పుడు ఎక్కువమంది నడిచేది వీరభద్రస్వామి, నరసింహస్వామి ఆలయాల దగ్గర మొదలయ్యే కరిగుడ్డ దారి. కాసేపు పొదలు, తర్వాత పరుపు బండ మీద ఏటవాలు, మధ్యలో పాత కోటగోడల శిథిలాలు, పైన చిన్న నంది మంటపం. కొండకు ఇంకో వైపు బండ మీద తాళ్లు, రాతిలో బిగించిన బోల్టులతో ఎక్కే క్లైంబింగ్ రూట్లున్నాయి.  నడక దారి గురించి రాసిన "ఈజీ" అన్న మాటను చూసి ఒకరు, తాడు రూటు ఫొటో చూసి ఇంకొకరు వెళ్తే, ఇద్దరూ తప్పు అంచనాతోనే వెళ్తారు. పేరు ఒకటే, కొండ ఒకటే, సామాను దగ్గర నుంచి అన్నీ వేరు.

"ఈజీ" అన్న మాటలో ఏం దాగుంటుంది?

పర్వతారోహణలో కష్టాన్ని కొలిచే పద్ధతులు చాలా ఉన్నాయి. అమెరికా నుంచి వచ్చిన యోసెమిటీ పద్ధతిని భారత క్లైంబర్లు కూడా వాడతారు. ఇందులో ఒకటో తరగతి మామూలు నడక. రెండో తరగతిలో అప్పుడప్పుడు చేయి ఆనించాలి. మూడో తరగతిలో చేతులు లేనిదే పైకి పోలేరు. నాలుగులో పడితే ప్రాణాపాయం కాబట్టి చాలామంది తాడు వాడతారు. ఐదో తరగతి పూర్తిగా తాడుతో ఎక్కేది. దాన్నే మళ్లీ 5.0 నుంచి 5.15 దాకా విడదీస్తారు. ఫ్రెంచివాళ్ల పద్ధతి వేరు, మంచు పర్వతాలకు వాడే ఆల్పైన్ పద్ధతి మళ్లీ వేరు.

మామూలు పాఠకుడికి ఈ అంకెలు కంఠస్థం కానక్కర్లేదు. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ఐదో తరగతిలో వచ్చే అంకె రూటు మొత్తంలో అత్యంత కష్టమైన కదలికకు సంబంధించింది. ప్రమాదం ఎంతన్నది అది చెప్పదు. సావనదుర్గ లాంటి పరుపు బండ మీద పట్టుకోవడానికి అంచులు దాదాపు ఉండవు. బూటు రాపిడే ఆధారం. కదలిక తేలికే, అంకె చిన్నదే. కానీ ఒక బోల్టుకు, ఇంకో బోల్టుకు మధ్య దూరం ఎక్కువ ఉంటే, జారినవాళ్లు కింది బోల్టు దాకా, దాన్ని దాటి అంతే దూరం కిందికి బండ మీద గీసుకుంటూ పోతారు. కాబట్టి కష్టం, ప్రమాదం రెండిటికీ వేర్వేరు వాక్యాలు కావాలి.

నడక దారులకైతే అంకెల అవసరం కూడా లేదు. చేతులు వాడాలా వద్దా, వాడాల్సిన చోటు ఎంత పొడవు, అక్కడ కాలు జారితే ఆగేది పొదలోనా, గట్టు మీదనా, ఆగేదే లేదా. ఈ మూడింటికి జవాబు ఇస్తే పదేళ్ల పిల్లాడిని తీసుకెళ్లొచ్చా లేదా అన్నది తల్లిదండ్రులు తామే తేల్చుకుంటారు. శివగంగ కొండకు మెట్లూ, ఇనుప కమ్మీలూ ఉన్నాయి కాబట్టి "మెట్ల దారి" అని తేల్చేస్తుంటారు. పైకి వెళ్లేకొద్దీ మెట్లు బండలోనే చెక్కినవి, ఇరుకు, నిటారు. పక్కన లోయ కనిపిస్తూ ఉంటుంది. ఎత్తు అంటే కళ్లు తిరిగేవాళ్లకు ఆ ఒక్క వాక్యం మిగతా వర్ణన మొత్తం కంటే విలువైనది.

బోడ బండ దిగేటప్పుడు ఏమవుతుంది?

బెంగళూరుకు పశ్చిమ, నైరుతి దిక్కుల్లో, రామనగర, మాగడి వైపు ఉన్న కొండలది క్లోజ్‌పేట గ్రానైట్. రామనగర పాత పేరు క్లోజ్‌పేటే, రాయికి ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. ఈ రాయి వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోతుల్లో గడ్డకట్టిన రాయి, పైనున్న పొరలు కోసుకుపోయి బరువు తగ్గడంతో, ఉపరితలానికి సమాంతరంగా పొరలు పొరలుగా విడిపోతుంది. మూలలు పోయి గుండ్రటి గుట్ట మిగులుతుంది. అందుకే ఈ కొండలు హిమాలయాల్లోలా కొసదేరి ఉండవు, బోర్లించిన మూకుడులా ఉంటాయి.

ఆ ఆకారంలోనే అసలు చిక్కు ఉంది. మూకుడు అంచుల దగ్గర నిటారు, పైకి పోయేకొద్దీ చదును. ఎక్కేటప్పుడు కష్టమైన భాగం మొదట్లోనే వస్తుంది. అప్పటికి కాళ్లలో సత్తువ ఉంటుంది, కళ్లకు ఎదురుగా బండ కనిపిస్తుంది, పాదం ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. పైకి చేరుకున్నాక "ఇంతేనా" అనిపిస్తుంది. దిగడం మొదలుపెట్టాక వాలు క్రమంగా పెరుగుతుంది, కానీ పెరిగే భాగం వంపు వెనక దాగి ఉంటుంది. పైనుంచి చూస్తే బండ కొంతదూరం మెల్లగా వాలి, ఆ తర్వాత ఒక్కసారిగా ఆకాశమో, కింద చెరువో కనిపిస్తుంది. మధ్యలో ఏముందో తెలియదు. వచ్చిన దారికి పది ఇరవై అడుగులు పక్కకు తప్పినా మొదట్లో తేడా తెలియదు, ఎందుకంటే పైన అన్ని వైపులా ఒకేలాంటి బండ. కొంత దిగాక కాళ్లు జారడం మొదలవుతుంది. అప్పటికి వెనక్కి ఎక్కడానికి మనసొప్పదు. ఇంకాస్త కిందికి పోతే దారి దొరుకుతుందేమో అనిపిస్తుంది. ఆ దిగిన కాస్తే తిరిగి ఎక్కలేని చోటికి చేరుస్తుంది.

కాబట్టి ఇలాంటి కొండను వర్ణించేటప్పుడు దిగే దారి గురించి ఎక్కే దారికంటే ఎక్కువ రాయాలి. బండ మీద తెల్ల బాణం గుర్తులుంటే అవి ఎక్కేవాళ్లకు కనిపించేలా వేసినవా, దిగేవాళ్లకు కూడా కనిపిస్తాయా అన్నది చెప్పాలి. పైనుంచి చూసినప్పుడు ఏ గుర్తు మీదికి నడవాలి? ఏ కోటగోడ, ఏ గుండు, ఏ దొన పక్క నుంచి మలుపు తిరగాలి? ఎక్కేటప్పుడు మధ్య మధ్య ఆగి, వెనక్కి తిరిగి ఫొటో తీసుకోమని ఒక్క మాట రాసినా చాలా ఉపయోగం. వెళ్లేటప్పుడు చూసిన దృశ్యం, దిగేటప్పుడు కనిపించే దృశ్యం ఒకటి కాదు.

ఇదే బండ వాన పడితే పూర్తిగా వేరే బండ. నీళ్లు ఎప్పుడూ పారే చోట గ్రానైట్ మీద నల్లటి చారలు కనిపిస్తాయి. అవి నాచు లాంటి సూక్ష్మజీవుల పొరలు. ఎండలో గరుకుగా, నమ్మకంగా ఉంటాయి. ఒక్క జల్లు పడితే సబ్బు రాసినట్టు అవుతాయి. పొడి రోజు చేసిన వీడియోలో నల్లచార మీదుగా హాయిగా నడిచి వెళ్లినవాళ్లను చూసి, చినుకుల రోజు అదే చోట అడుగు పెట్టడం ప్రమాదం. మే నెల మధ్యాహ్నం మరో సమస్య. చెట్టు నీడ లేని బండ వేడెక్కి కింది నుంచి కూడా సెగ కొడుతుంది. పైన దొనల్లో నీళ్లున్నా తాగడానికి పనికిరావు. "ఈజీ" అని రాసేవాళ్లు ఏ నెలలో, ఎన్ని గంటలకు వెళ్లి ఆ మాట రాస్తున్నారో చెప్పకపోతే ఆ మాటకు అర్థం లేదు.

కొండలన్నీ ఈ రకం కావు. కోలారు దగ్గరి అంతరగంగలో ఆలయం దాకా మెట్లు, పైన పెద్ద పెద్ద గుండ్ల మధ్య ఏర్పడిన గుహలు. అక్కడి ఇబ్బంది ఇరుకు, చీకటి, దారి తప్పడం. స్కందగిరిలో మట్టి, రాళ్లు కలిసిన కాలిబాట, పైన కోటగోడలు. మూడింటినీ "గంటన్నర ట్రెక్" అని ఒకే గాటన కట్టేస్తే, ఎవరు ఏ సన్నద్ధతతో వెళ్లాలో తెలిసే అవకాశం పోతుంది.

ఎడమ ఎవరి ఎడమ?

దారి వర్ణనల్లో ఎక్కువ తికమక పెట్టేది "ఎడమ వైపు వెళ్లండి" అన్న సూచన. ఎక్కేటప్పుడు ఎడమ ఉన్నది దిగేటప్పుడు కుడి అవుతుంది. కింద నిలబడి కొండను చూసేవాళ్ల ఎడమ, పైన నిలబడి లోయను చూసేవాళ్ల ఎడమ ఎదురెదురుగా ఉంటాయి. నదులకు భూగోళ శాస్త్రం ఎప్పుడో పరిష్కారం కనుక్కుంది. ప్రవాహం పోయే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే ఏది ఎడమో అదే ఎడమ గట్టు. కొండలకు కూడా అలాంటి నియమం ఒకటి ముందే చెప్పి వాడొచ్చు. అంతకంటే తేలిక, దిక్కులు వాడటం. "మంటపం దాటాక తూర్పు అంచు వెంట" అంటే ఎక్కేవాళ్లకూ, దిగేవాళ్లకూ ఒకటే అర్థం. ఫోన్‌లో దిక్సూచి అందరికీ ఉంది.

గుర్తుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. టీ కొట్టు, ఎర్ర జెండా, పడిపోయిన చెట్టు ఆరు నెలల్లో మారిపోతాయి. కోటగోడ, దొన, నీటి ట్యాంకు, గుడి, రాతిలో చెక్కిన మెట్లు నిలుస్తాయి.

సమయం ఎలా లెక్కపెట్టాలి?

1892లో స్కాట్లాండ్‌కు చెందిన విలియం నైస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. ప్రతి 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. ఒక దారి రెండున్నర కిలోమీటర్లు, ఎక్కుడు 400 మీటర్లు అనుకుంటే నడకకు అరగంట, ఎక్కుడుకు నలభై నిమిషాలు, వెరసి గంటా పది నిమిషాలు. ఇది ఆరోగ్యంగా ఉన్న, అలవాటున్న మనిషి ఆగకుండా నడిస్తే వచ్చే లెక్క. ఫొటోలు, నీళ్లు, నలుగురిలో నెమ్మదిగా నడిచేవాళ్ల కోసం ఆగడం ఇందులో లేవు. బృందం వేగం అంటే ఆ బృందంలో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ల వేగమే. దిగడానికి ఎక్కిన సమయంలో సగం చాలన్న ఊహ మట్టిబాటల మీద కొంత చెల్లుతుంది. బోడ బండ మీద చెల్లదు.

అందువల్ల "రెండు గంటల్లో అయిపోతుంది" అనే బదులు, లెక్క ప్రకారం ఇంత, మామూలు కుటుంబానికి ఇంత, ఏ వేళకు వెనుదిరిగి తీరాలి అన్న మూడూ చెప్పడం మంచిది. మూడోది చాలా ముఖ్యం. సూర్యాస్తమయం చూసి దిగుదామనుకున్నవాళ్లు బాణం గుర్తులు కనిపించని చీకట్లో బండ మీద మిగిలిపోతారు.

ఎవరెస్ట్, కిలిమంజారో వార్తలు

తెలుగు పత్రికల్లో పర్వతారోహణ వార్తలకు మంచి చోటు దొరుకుతోంది. దానికి కారణాలున్నాయి. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. 2015లో ఆండీస్ పర్వతాల్లో మరణించారు. 2014 మే 25న మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కారు, ఆమెతో పాటు సాధనపల్లి ఆనంద్‌కుమార్ కూడా. వాళ్లు ఎక్కింది టిబెట్ వైపు, ఉత్తరం నుంచి. ఆ సంవత్సరం ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు అనే మంచు ప్రవాహం మీద మంచుచరియ విరుచుకుపడి 16 మంది మరణించారు, అటువైపు యాత్రలు దాదాపు ఆగిపోయాయి. ఏ వైపు నుంచి ఎక్కారో చెప్పకపోతే, అటు ఆగిపోయిన సంవత్సరంలో వీళ్లెలా ఎక్కారన్న సందేహం పాఠకుడికి మిగిలిపోతుంది.

రెండు వైపులా కష్టాలు వేరు. దక్షిణం నుంచి ఖుంబు దగ్గర కదిలే మంచుదిబ్బలు, లోతైన పగుళ్లు, వాటి మీద నిచ్చెనలు. పైన పక్క శిఖరం లోత్సే మంచు గోడ, దాదాపు 7900 మీటర్ల దగ్గర సౌత్ కోల్ అనే కనుమ. ఉత్తరం నుంచి ఆ మంచు ప్రవాహం లేదు. కానీ శిఖరం దగ్గర పొడవాటి గట్టు మీద, గాలికి ఎదురుగా, మూడు రాతి మెట్టులు దాటాలి. రెండో మెట్టు దగ్గర చైనా బృందం 1975లో నిచ్చెన బిగించింది.

ఇక్కడ తరచూ దొర్లే పొరపాటు ఒకటుంది. నేపాల్ వైపు ఎవరెస్ట్ బేస్ క్యాంప్ 5364 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడికి చేరడం కష్టమైన, మెచ్చుకోదగిన నడకే. కానీ అది ఎవరెస్ట్ ఎక్కడం కాదు. శిఖరం అక్కడి నుంచి ఇంకా దాదాపు మూడున్నర వేల మీటర్ల పైన ఉంటుంది. శీర్షికలో "ఎవరెస్ట్‌పై" అని పెట్టి, లోపల బేస్ క్యాంప్ అని రాస్తే వెళ్లొచ్చినవాళ్ల శ్రమకూ న్యాయం జరగదు, శిఖరం చేరినవాళ్లకూ జరగదు.

కిలిమంజారో మరో రకం పాఠం. ఎత్తు 5895 మీటర్లు. మరంగు దారిలో నడక దాదాపు 1900 మీటర్ల దగ్గర మొదలవుతుంది, అంటే ఎక్కాల్సింది 4000 మీటర్లు. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ నుంచి శిఖరానికి ఉన్న నిలువు తేడా కంటే ఇది ఎక్కువ. అయినా కిలిమంజారోను పాఠశాల పిల్లలు కూడా ఎక్కగలుగుతున్నారు, ఎందుకంటే అది నడక దారి. తాళ్లు, మంచుగొడ్డళ్లు అక్కర్లేదు. 8000 మీటర్ల పైన గాలిలో అందే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే మూడో వంతుకు అటూ ఇటూ మాత్రమే. కిలిమంజారోలో అంత ఎత్తే లేదు. అక్కడి ముప్పు తొందరపడటంలో ఉంది. దారికి ఒకటి రెండు రోజులు ఎక్కువ తీసుకుంటే శరీరం ఎత్తుకు అలవాటు పడుతుంది. ఆ వార్తల్లో మరంగు, మచామే, లెమోషో దారుల్లో ఏది, ఎన్ని రోజులు అన్నవి ఉండాలి. మరంగు దారిలో అగ్నిపర్వత బిలం అంచున 5685 మీటర్ల దగ్గర గిల్మన్స్ పాయింట్ వస్తుంది, కొందరు అక్కడే ఆగిపోతారు. అసలు శిఖరం ఉహురు ఇంకా 200 మీటర్లు పైన ఉంది. ఎక్కడి దాకా వెళ్లారో అక్కడి దాకానే రాయడం కనీస బాధ్యత.

తేదీ లేని సమాచారం

నిన్న తెరిచి ఉన్న దారి ఇవాళ మూసి ఉండొచ్చు. రామనగరలోని రామదేవర బెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. అంతకు ముందటి క్లైంబింగ్ వివరాలు చూసి ఇప్పుడు వెళ్లేవాళ్లు నిబంధనల్లో ఇరుక్కుంటారు. 2024 జనవరి చివర్లో సెలవులకు కుమార పర్వతం మీదికి జనం పోటెత్తిన తర్వాత కర్ణాటక ప్రభుత్వం ఆన్‌లైన్ బుకింగ్ లేని దారుల్లో ట్రెక్కింగ్ ఆపేసి, తర్వాత సంఖ్య పరిమితితో తిరిగి తెరిచింది. అటవీశాఖ ఎండాకాలంలో మంటల భయంతో కూడా దారులు మూస్తుంది. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి దగ్గర కార్చిచ్చులో చిక్కుకుని ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు మరణించారు. ఎండిన గడ్డి నిండిన వాలు ఫొటోల్లో బంగారంలా మెరుస్తుంది. అది నిప్పు పైకి ఎగబాకే వాలు అని కూడా రాయాలి.

ఆపదలో ఉన్న చోటు చెప్పడం

2022 ఫిబ్రవరిలో నంది కొండల దగ్గర బ్రహ్మగిరి రాళ్ల మీద నుంచి జారిపడిన, విద్యార్థి అయిన ఒక యువకుడిని వైమానిక దళం హెలికాప్టర్‌తో పైకి లాగాల్సి వచ్చింది. అదే నెలలో కేరళ మలంపుళ దగ్గర కొండ చీలికలో చిక్కుకున్న ఒక యువకుడిని సైన్యం నలభై గంటలకు పైగా గడిచాక బయటికి తీసింది. అలాంటి వేళ "నంది హిల్స్‌లో ఉన్నాం" అంటే రక్షించేవాళ్లకు ఏమీ తెలియదు. ఆ పేరు కింద రోడ్డు, సుల్తాన్‌పేట వైపు మెట్లు, పక్కనే బ్రహ్మగిరి లాంటి వేరే కొండలు ఉన్నాయి. కొండ పేరు, బయలుదేరిన ఊరు, దారి పేరు, చివరగా దాటిన గుర్తు, ఏ దిక్కు వాలు మీద ఉన్నారు అన్నవి చెబితే అత్యవసర నంబరు 112కు వచ్చిన ఫోన్ వెంటనే పనికొస్తుంది.

అక్షాంశ రేఖాంశాలు చెప్పేటప్పుడు పద్ధతి కూడా చెప్పాలి. ఫోన్ చూపించేది సాధారణంగా దశాంశాల్లో ఉంటుంది. 12.50 డిగ్రీలు అంటే 12 డిగ్రీల 30 నిమిషాలు. అవతలి వ్యక్తి దాన్ని 12 డిగ్రీల 50 నిమిషాలుగా రాసుకుంటే తేడా 20 నిమిషాలు, నేల మీద దాదాపు 37 కిలోమీటర్లు. దశాంశం తర్వాత ఐదు అంకెలు చదివితే చోటు మీటరు దాకా తేలుతుంది, రెండే చదివితే కిలోమీటరు అటూ ఇటూ అవుతుంది. కొండ గురించి రాసే ప్రతి వ్యాసంలో, వీడియో కింద వివరణలో, నడక మొదలయ్యే చోటు, దారి చీలే చోటు, దిగేటప్పుడు తప్పిపోయే అవకాశమున్న చోటు ఈ మూడింటి అంకెలు దశాంశాల్లో ఐదు స్థానాల దాకా ఇవ్వాలి. బయలుదేరే ముందు అవి ఇంట్లో ఉన్నవాళ్ల ఫోన్‌లోకి కూడా చేరాలి, ఎందుకంటే కొండ వెనక వైపున చాలాచోట్ల సిగ్నల్ ఉండదు.